ఉత్తరపు గోడకు వెల్ల

ఆ గోడ మీద మొదటి దెబ్బ కొట్టేటప్పుడు, దాని కింద ఏముందో ఆస్తేరియో మామకు తెలుసా?

ఈ ప్రశ్న నన్ను పట్టుకుని యాభై ఏళ్ళు దాటింది. తెలుసు అనుకుంటే నాకొక మనిషి కనిపిస్తాడు. తెలియదు అనుకుంటే ఇంకొక మనిషి. చిత్రమేమిటంటే ఇద్దరూ నేనెరిగిన ఆస్తేరియో మామలాగే ఉంటారు. చదువుకున్నదాన్ని, జీవితమంతా పుస్తకాలతో గడిపినదాన్ని, ఒక్క మనిషి మనసులోని ఒక్క సంగతి తేల్చుకోలేకపోయాను.

ఇరవై నాలుగేళ్ళ వయసులో కొండల్లో ఉన్న వాల్దెగ్రాహా అనే ఈ ఊరి బడికి పంతులమ్మగా వచ్చాను. రెండేళ్ళు ఉండి బదిలీ పెట్టుకుందామనుకున్నాను. ఇక్కడే ముసలిదాన్నయ్యాను. నేను వచ్చేనాటికి నలభై ఇళ్ళలో పొగ లేచేది. ఆ నలభై ఇళ్ళకూ, పశువుల కొట్టాలకూ, చర్చికీ సున్నం ఇచ్చేది ఆస్తేరియో మామ ఒక్కడే. ఆయన తండ్రి లియోనీదెస్‌దీ, తాతదీ అదే పని. కొండ మీది తెల్లరాయి కొట్టి తెచ్చి, వాగు పక్కన బట్టీలో ఓక్ కట్టెలతో మూడు రోజులు కాల్చి, ఇంటి వెనక గుంటలో వేసి నీళ్ళు పోసేవాడు. అది కుతకుతలాడి చల్లారాక పైన జానెడు నీళ్ళు నిలిపి, పలకలు కప్పి ఏడాది పాటు మాగనిచ్చేవాడు. ఏడాది నిండని సున్నం కోళ్ళ గూటికైనా ఇచ్చేవాడు కాదు. ఎంత తొందరున్నా, ఎవరడిగినా, "పచ్చిది కరుస్తుందమ్మా, ఇంకా నాలుగు నెలలు ఆగు" అని పంపేసేవాడు.

చలికాలం వచ్చేముందు ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఆయన దొడ్లోకి వచ్చేవారు. గుంట మీది తేటనీళ్ళు తీసుకెళ్ళి వాటిలో గుడ్లు దాచుకునేవారు. మంచు కురిసి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసిన రోజుల్లో ఊరంతా తిన్నది ఆ సున్నపు నీటి గుడ్లే. ఆ నీళ్ళు ఆయన ఉచితంగానే ఇచ్చేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే చేతులు చూపించేవాడు. ఆ చేతులు ఎండిన చెరువులా పగిలి ఉండేవి. రాత్రిపూట పందికొవ్వు రాసుకుని పాత మేజోళ్ళు తొడుక్కుని పడుకుంటాడని పొరుగింటి ఒనోరినా అక్క అందరికీ చెప్పేది. చర్చి తాళంచెవి ఉండేది ఆవిడ దగ్గరే. ఊళ్ళో ఆవిడకు తెలియని సంగతి లేదు, తెలిసీ దాచిన సంగతీ లేదు.

చర్చి సంగతి చెప్పాలి. అది మా ఊరి కన్నా పాతది, మా ఊరి కన్నా పెద్దది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఎవరో పేరు తెలియని మేస్త్రీ తేనెరంగు ఇసుకరాయితో తూర్పు కొసను గుండ్రంగా తిప్పి కట్టాడు. పిడికెడు వెలుతురు మాత్రం లోపలికి వచ్చేలా గోడలో సన్నటి చీలికల్లాంటి కిటికీలు మూడు పెట్టాడు. దక్షిణపు వాకిలికి ఒకదానిలో ఒకటిగా అయిదు కమాన్లు తీర్చాడు. చూరు కింద ముప్పై రెండు రాతిబొమ్మలు. పీపా మోసేవాడు, పంది తల, కాళ్ళు తల మీదికి తెచ్చుకున్న గారడీవాడు, పంటినొప్పితో దవడ పట్టుకున్నవాడు. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఆ చూరు కింద ఒక బంధువుండేవాడు. దవడ పట్టుకున్నవాడు ఊరిపెద్ద మార్సియానో ముత్తాత అని అందరూ అనేవారు. మార్సియానో కూడా కాదనేవాడు కాదు. ఆ ఇంట్లో అందరి పళ్ళూ అలాంటివే.

ఉత్తరపు వైపుకు వచ్చేసరికి ఆ మేస్త్రీకి ఓపిక అయిపోయిందో, లేక పైలోకానికే వెళ్ళిపోయాడో తెలియదు. మూలల్లో తప్ప చెక్కిన రాయి లేదు. వాగులో ఏరిన గుండ్రాళ్ళు, మట్టి, సున్నం కలిపి లేపేశారు. గాలీ మంచూ కొట్టేది అటువైపే. జనం చూడని వైపు అదే.

లోపల మాత్రం ఏ గోడ ఏదో తెలియకుండా అంతా తెల్లగా ఉండేది. జూన్ నెలాఖరున మా చర్చి పునీతుడు సాన్ పెలాయో పండగ. పండగకు వారం ముందు గంట మోగేది. ఇంటికొకరు చొప్పున వచ్చి చర్చికి వెల్ల వేసేవారు. అది ఊరుమ్మడి పని. రాని ఇంటివాళ్ళను ఎవరూ ఏమీ అనరు, కానీ ఏడాది పొడుగునా గుర్తుపెట్టుకుంటారు. దక్షిణం, పడమర గోడలు కుర్రాళ్ళకు వదిలేసి ఉత్తరపు గోడ మాత్రం ఆస్తేరియో మామే తీసుకునేవాడు. దానికి రెండు పూతలు వేసేవాడు. ఎందుకంటే చెమ్మ అనేవాడు. నిజమే, చెమ్మ ఉండేది. తాజా సున్నం వాసనలో, ఆ తెలుపులో, పండగ నాటి పూజకు వెళ్తే పాలగిన్నెలోకి దిగినట్టుండేది. ఇప్పటికీ ఎక్కడైనా సున్నం వాసన తగిలితే నాకు ముందు ఆకలి వేస్తుంది, తరవాత గుర్తొస్తుంది. పండగ రోజు గొర్రెమాంసం వండేవాళ్ళం.

ఒకసారి చర్చిలోకి కరెంటు తీగ లాగడానికి పట్నం నుంచి మనిషి వచ్చాడు. ఉత్తరపు గోడకు మేకు కొట్టబోతే అరచెయ్యంత పెచ్చు ఊడి కింద పడింది. నేనక్కడే ఉన్నాను, ఆస్తేరియో మామా ఉన్నాడు. ఆయన ఆ మనిషిని ఏమీ అనకుండా మేకు చేతిలోంచి తీసుకుని, ఎదురుగా ఉన్న చెక్క దూలం చూపించాడు. తరవాత పెచ్చు తీసి, దాని అంచు కిటికీ వెలుగులోకి తిప్పి నాకు చూపించాడు. వేలెడు మందం. అందులో పుస్తకం అంచులా పొరలు.

"ఇదిగో, ఈ పసుపుపచ్చది మా తాత. పచ్చి కట్టెలతో కాల్చేవాడు, ఎంత చెప్పినా వినేవాడు కాదట" అన్నాడు. "ఇది మా నాన్న. చూడు, ఎంత సన్నగా వేశాడో. ఇక్కడ మందంగా ఉంది చూశావా, ఇది విషజ్వరాలొచ్చిన ఏడు. అప్పుడు మూడుసార్లు వేయించారు." గోటితో ఒక గీత దగ్గర ఆగాడు. "ఇక్కడ ఒక ఏడు లేదు పంతులమ్మా. యుద్ధం. ఆ ఏడు బట్టీ వెలిగించలేదు."

మరి నువ్వెక్కడ అని అడిగితే, ఇంకా పైకి వెళ్ళాలి అని ఒక పొర చూపించాడు. తండ్రి పోయిన ఏడాది వేసిన మొదటి పూతట. నీళ్ళు ఎక్కువయ్యాయట. ఏ ఇంట్లోనూ ఆ వంశం ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఆ గోడే. అది నాకు ఆ రోజు అర్థమయింది.

అన్నిటికన్నా అడుగున, రాతికి ఆనుకుని ఉన్న చోట, కొంచెం ఎరుపు ఉంది. ఇదేమిటని అడిగాను.

"మట్టి" అన్నాడు. పెచ్చు జేబులో వేసుకున్నాడు.

రెండేళ్ళకు ఫాదర్ ఎలాదియో వచ్చాడు. ముప్పై ఏళ్ళుండవు. మోటారు సైకిల్ మీద అయిదు ఊళ్ళు తిరిగి పూజ చెప్పేవాడు. మంచివాడు. మా ముసలివాళ్ళ మందులు కూడా తనే పట్నం నుంచి తెచ్చేవాడు. చర్చిలో అడుగు పెట్టిన మొదటిరోజే, ఇంత గొప్ప కట్టడాన్ని కోళ్ళ గూడులా సున్నం కొట్టి ఎందుకు దాచారని బాధపడ్డాడు. ఆ నాటి మేస్త్రీలు కట్టింది రాయి, రాతిలోనే నిజాయితీ ఉంటుంది, ఈ తెలుపంతా తరవాతి వాళ్ళ అజ్ఞానం అన్నాడు. మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు పాత చర్చిల ఫొటోల పుస్తకం ఒకటి తిరగేశాడు. అన్నీ ఒలిచిన రాతిగోడలే, నలుపు తెలుపుల్లో చాలా అందంగా ఉన్నాయి. నెల రోజులు ఉంచుకుంటానని తీసుకెళ్ళాడు. ఆ పుస్తకం నాదే. ఈ మాట ఎక్కడో ఒకచోట రాయాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మే నెలలో ఒక ఆదివారం పూజ అయ్యాక చర్చి పంచలో ఊరి సభ జరిగింది. ఈ ఏడు వెల్ల వద్దు, ఉన్న సున్నమంతా ఒలిచేద్దాం అని ఫాదర్ ప్రతిపాదించాడు. పుస్తకం చేతుల మీదుగా అందరికీ వెళ్ళింది. పక్క లోయలో ఒక ఊరు ఇలాగే ఒలిపిస్తే ఆదివారాలు బస్సుల్లో జనం వస్తున్నారని, అక్కడ ఎవరో కాఫీ దుకాణం కూడా పెట్టారని మార్సియానో చెప్పాడు. కుర్రాళ్ళు ఒక్కొక్కరే ఊరు వదిలి ఫ్యాక్టరీలకు పోతున్న రోజులు. బస్సులు అనే మాటకు అందరి ముఖాలూ వెలిగాయి.

ఆస్తేరియో మామ సభలో నోరు విప్పడం నేను చూసింది అదొక్కసారే.

"దక్షిణపు గోడది చెక్కిన రాయి ఫాదర్. బట్టలిప్పి నిలబెట్టినా సిగ్గుపడదు. ఉత్తరపు గోడ పేదది. దానికి సున్నమే ఒళ్ళు. అది తీసేస్తే ఏం మిగులుతుంది?"

"చూశారా" అంది ఒనోరినా అక్క వెనక నుంచి. "అరవై అయిదేళ్ళొచ్చినా ఒక ఆడదాని చెయ్యి పట్టుకోనివాడు, గోడకి బట్టలిప్పొద్దని బతిమాలుతున్నాడు."

ఊరంతా ఘొల్లున నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వి టోపీ సర్దుకుని కూర్చున్నాడు. ఫాదర్ నవ్వలేదు. సున్నం మనిషికి సున్నం మీద మమకారం ఉండటం సహజమేనని, కానీ ఆయన బతుకుతెరువు కోసం చర్చిని దాచి ఉంచలేం కదా అని మెత్తగా అన్నాడు. అదే ఆయన చేసిన పెద్ద తప్పని నాకిప్పుడు అనిపిస్తుంది. చర్చి సున్నానికి ఆస్తేరియో మామ ఏనాడూ ఒక్క పెసేతా నాణెం పుచ్చుకోలేదు. ఆ సంగతి ఫాదర్‌కు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చేతులెత్తమన్నారు. ఎత్తారు.

జూన్‌లో గంట మోగింది, ఎప్పటిలాగే పండగకు వారం ముందు. ఆస్తేరియో మామ రాడని కొందరు పందెం కాశారు. వచ్చాడు. తండ్రి సుత్తి, సన్నటి ఉలి ఒకటి పట్టుకుని వచ్చాడు. ఏ ఉమ్మడి పనికైనా ఆ పని తెలిసినవాడే మొదటి దెబ్బ వేయడం ఇక్కడి ఆనవాయితీ. రోడ్డు వేస్తే రాతిపనివాడు, పైకప్పు కడితే వడ్రంగి. సున్నానికి ఆయన కాక ఇంకెవరు? ఏ గోడ నుంచి మొదలుపెడతావని ఫాదర్ గౌరవంగానే అడిగాడు. ఉత్తరం అన్నాడు ఆయన. వెళ్ళి, ఆ గోడ ముందు నిలబడి, కాసేపు చేత్తో తడిమి, ఒక దెబ్బ వేశాడు. చిన్న దెబ్బ. పెచ్చు లేచింది. అంతే, మిగతా మూడు గోడల మీద ముప్పై సుత్తులు లేచాయి.

ఆ పొద్దు లోపల మనిషికి మనిషి కనిపించలేదు. తెల్లటి ధూళి. పాటలు, దగ్గులు, ఎకసెక్కాలు. కింద పడినదాన్ని ఆడవాళ్ళం పారలతో ఎత్తి తట్టల్లో పోస్తే, మగవాళ్ళు మార్సియానో ట్రాక్టర్ తొట్టెలో నింపారు. తొట్టె నిండినప్పుడల్లా కళ్ళాల దారిలో బురదగుంటలు పూడ్చడానికి తీసుకెళ్ళి పోశారు. పనికి పని, దారికి దారి. మధ్యాహ్నానికి దక్షిణం, పడమర గోడలు ఒలిచేశారు. రాయి నిజంగానే అందంగా ఉంది. తేనెరంగు, దాని మీద ఆ నాటి మేస్త్రీలు చెక్కుకున్న గుర్తులు. ఒక బాణం, ఒక తాళంచెవి. అందరం చేత్తో ముట్టుకున్నాం. నేనూ సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ సమయానికి ఆస్తేరియో మామ ఒలిచింది ఒక తలుపంత మేర కూడా లేదు. ముసలాడు అలిసిపోయాడని కుర్రాళ్ళు నవ్వుకున్నారు. ఆయన సుత్తి పక్కన పెట్టేసి ఉలి అంచుతో పొర తరవాత పొర లేపుతున్నాడు. ఒక్కొక్క పొర ఊది చూసుకుంటున్నాడు.

అప్పుడు ఒనోరినా అక్క పార ఆపింది. ఒంగి తట్టలోంచి ఒక ముక్క తీసింది. ఆవిడ నోట మాట రాకపోవడం కూడా నేను చూసింది అదొక్కసారే. కాసేపటికి శిలువ గుర్తు వేసుకుని, "ఇది నన్ను చూస్తోంది" అంది.

కన్ను. నల్లటి గీతతో బాదంకాయలా దిద్దిన పెద్ద కన్ను, కనుబొమ్మతో సహా. సున్నం ముక్క వెనకవైపు అంటుకుని ఉంది. సున్నానికి ముందు, అన్ని పొరలకూ ముందు, ఎవరో ఆ గోడల నిండా బొమ్మలు వేశారు. మేము పొద్దుటి నుంచీ పాటలు పాడుకుంటూ వాటిని పగలగొట్టి కళ్ళాల దారిలో పోస్తున్నాం.

సుత్తులన్నీ ఆగాయి. ట్రాక్టర్ దగ్గరికి కొందరు పరిగెత్తారు. తొట్టెలో ఎర్రటి ముక్కలు, పచ్చటి ముక్కలు, ఒక గుర్రపు డెక్క, ఒక వేలు. ఏదీ దేనికీ అతకలేదు. ఫాదర్ ఎలాదియో ముఖం సున్నంలా పాలిపోయింది. తరవాత ఎవరో అన్నారు, ఆస్తేరియో దగ్గర చూడండి అని.

ఆయన ఒలిచిన మేరలో పొరలన్నీ పోయి, అడుగున ఒక మనిషి కాళ్ళు కనిపిస్తున్నాయి. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. ఎదురుగా మంట. మంట మీదికి చాచిన రెండు చేతులు. పైన ఇంకా తెలుపే. మా ఊళ్ళో ఫిబ్రవరి నెలలో ప్రతి మగవాడూ అలాగే కూర్చుంటాడు.

జనం ఒక్కసారిగా అటు తిరిగారు. ఇందాక పగలగొట్టాలనే హుషారు ఇప్పుడు చూడాలనే హుషారయింది, చేతుల్లో సుత్తులు మాత్రం అవే. ముఖం చూద్దాం, ముఖం ఎలా ఉందో చూద్దాం అంటూ దగ్గరికొచ్చారు. ఆస్తేరియో మామ వెనక్కి తిరిగి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఇవాళ్టికి చాలు."

ఫాదర్ ముందుకొచ్చాడు. "తప్పు జరిగింది మామా, ఒప్పుకుంటున్నాను. కానీ ఉన్నదైనా బయటికి తియ్యాలి కదా. ఇది ఊరి సొత్తు."

"పొద్దున కూడా ఊరి సొత్తే ఫాదర్."

చివరికి మార్సియానో కల్పించుకుని, పట్నంలో ఇలాంటివి తెలిసినవాళ్ళకు ఉత్తరం రాద్దామని, వాళ్ళొచ్చేదాకా ఆ గోడ జోలికి ఎవరూ పోవద్దని చెప్పాడు. అందరూ సుత్తులు దించి భోజనాలకు కదిలారు. ఉమ్మడి పని రోజున పంచలో అందరూ కలిసి తినడం రివాజు. ఆ రోజు రొట్టె, సారా, సాసేజీ, ఊరవేసిన చేప అన్నీ ఉన్నాయి. అలాంటి నిశ్శబ్దమైన విందు నేనెప్పుడూ తినలేదు.

ఆస్తేరియో మామ రాలేదు. సాయంత్రం పళ్ళెంలో కొంచెం పెట్టుకుని, గుడ్డ కప్పి చర్చికి వెళ్ళాను. జూన్ కాబట్టి ఇంకా మంచి వెలుతురుంది. ఆయన పక్కన రెండు బొక్కెనలున్నాయి. ఒకదాంట్లో మట్టినీళ్ళు, చాయ్ రంగులో. ఇంకొకదాంట్లో సున్నం. మట్టినీళ్ళు కుంచెతో ఆ కాళ్ళ మీద, ఆ మంట మీద పల్చగా పూసి, ఆరేదాకా కూర్చుని, తరవాత సున్నం ఎత్తుకున్నాడు.

"ఏం చేస్తున్నావు మామా?"

"వెల్ల వేస్తున్నా. ఏటా వేసేదే కదా."

"వాళ్ళొచ్చి చూడాలిగా."

"వస్తే చూస్తారు. రాకపోతే ఇది ఉంటుంది."

నేను అడగాల్సిన ప్రశ్న అప్పుడే అడగాల్సింది. నాలిక చివరిదాకా వచ్చింది. నీకు ముందే తెలుసా? ఆయన నా వైపు చూసి, బొక్కెన కాస్త పైకి పట్టుకోమన్నాడు. నడుం వంగడం లేదన్నాడు. పట్టుకున్నాను. కుంచె ఒకసారి వెళ్ళింది. చాచిన చేతులు పాలల్లోకి పోయినట్టు పోయాయి.

తెల్లారి ఆ మేర తెల్లగా ఉండటం చూసి ఫాదర్ కోపగించుకున్నాడు, తరవాత తగ్గాడు. తన వంతు తప్పు ఆయన్ను లోపల్లోపల తింటోంది. ఆ చర్చిలో ఆయన మళ్ళీ ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. ఉత్తరాలు మాత్రం రాశాడు. ఒకటి కాదు, ఆరో ఏడో. ఆ ఏడు ఎవరూ రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. బస్సులూ రాలేదు. ఒలిచిన గోడలు చలికాలమంతా చెమర్చాయి. పూజలో కూర్చుంటే వీపు మీద తడిగుడ్డ వేసినట్టుండేది. ఒనోరినా అక్క కళ్ళాల దారిలో నడవడం మానేసింది. పొలానికి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి పోయేది. ఎందుకని అడిగితే మోకాళ్ళనొప్పి అనేది. మోకాళ్ళనొప్పి ఉన్నవాళ్ళు చుట్టుదారిలో పోరు కదా అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మరుసటి జూన్‌లో గంట మోగలేదు. ఉత్తరపుది తప్ప వెల్ల వేయడానికి గోడలే లేవు. అయినా పండగకు వారం ముందు, ఎప్పటి రోజునే, ఆస్తేరియో మామ బొక్కెనతో చర్చి వాకిట్లో నిలబడ్డాడు. ఒనోరినా అక్క తాళంచెవి తెచ్చింది. ఎకసెక్కం ఆడుతుందనుకున్నాను.

"తొందరగా కానీరా, గాలేస్తోంది" అంది అంతే. తలుపు తీసి, తనే పట్టుకుని నిలబడింది.

ఆ ఒక్క మేరకు రెండు పూతలు వేసి, దాదాపు నిండు బొక్కెనతోనే తిరిగి వెళ్ళాడు. ఏడాదిగా మాగిన సున్నం గుంట నిండా ఉంది. ఇళ్ళవాళ్ళు అప్పటికే పట్నం నుంచి రంగు డబ్బాలు తెచ్చుకుంటున్నారు. గుడ్లకు మార్సియానో ఇంట్లో ఫ్రిజ్ వచ్చింది. అలా మూడు జూన్‌లు గడిచాయి. మూడో ఏడాది గుంటలో ఆయన కొత్త రాయి వెయ్యలేదు. బట్టీ నోటికి ముళ్ళకంప అడ్డం పెట్టాడు.

ఆ సెప్టెంబరులో ఫాదర్ పూజ చివర ఒక ఉత్తరం చదివాడు. అక్టోబరు రెండో వారంలో రాజధాని నుంచి ఇద్దరు నిపుణులు వచ్చి ఉత్తరపు గోడ తెరుస్తారు. చదువుతూ ఆయన ఆస్తేరియో మామ కూర్చున్న వైపే చూశాడు. క్షమాపణ అడిగినట్టే ఉంది ఆ చూపు. పూజ అయ్యాక దగ్గరికి వెళ్ళి, ఆ రోజు మొదటి పొర మీరే తియ్యాలి మామా, వాళ్ళకు రాశాను కూడా, అని చెప్పాడు. ఆయన తల ఊపాడు. మంచిది అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు.

నిపుణులు వచ్చారు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, చిన్న చిన్న కత్తులు, దూది. వారం రోజుల్లో గోడ తెరిచారు. చర్చి గోడల చుట్టూ ఏడాదిలోని పన్నెండు నెలలనూ, నెలకొక మనిషి చొప్పున, బొమ్మలుగా వేశారట. నిప్పు ముందు కూర్చున్న ఫిబ్రవరి, ద్రాక్షతీగ కత్తిరిస్తున్న మార్చి. రెండే నెలలు మిగిలాయి. ఏడాదిలో మిగతా పది నెలలూ కళ్ళాల దారి గుంటల్లో ఉన్నాయి. ఫిబ్రవరి ముఖం చూడాలని ఊరంతా ఎదురుచూసింది కదా, చూశాం. ముసలివాడు. ప్రత్యేకంగా ఎవరిలాగానూ లేడు. చలి తగ్గినందుకు సంతోషంగా ఉన్నాడు.

ఆ ఆడమనిషి నన్నొక సంగతి అడిగింది. ఈ పై పూతలు ఎవరు వేశారు? కింద మట్టినీళ్ళ పొర ఉండటం వల్ల ఉల్లిపొరలా ఊడి వచ్చేశాయి, బొమ్మకు గీత పడలేదు, ఇలా వెయ్యాలని ఆయనకు ఎవరు నేర్పారు? మా ఊరి సున్నం మనిషి అని చెప్పాను. మాట్లాడాలి, పిలవండి అంది. ఆయన ఊళ్ళో లేడని చెప్పాల్సి వచ్చింది.

బిల్బావో పట్నం దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే పినతల్లి కొడుకు దగ్గరికి చేరాడని చలికాలంలో తెలిసింది. ఫాదర్ రాసిన ఉత్తరానికి జవాబు లేదు. నేనూ రాశాను. అయిదేళ్ళ తరవాత అక్కడే పోయాడు. అక్కడి ఇళ్ళు ఇటుకవి, వాటికి సున్నం వెయ్యరని విన్నాను.

ఆయన వెళ్ళింది నిపుణులు రావడానికి నాలుగు రోజుల ముందు, గురువారం నాడు. నేను బళ్ళో లెక్కలు చెబుతున్నాను. కిటికీలోంచి చూస్తే ఆయన దిగువకు నడుస్తున్నాడు. మంచి చొక్కా, తాడుతో కట్టిన అట్టపెట్టె. చర్చి ముందునుంచి పోయేదే దగ్గర దారి, కానీ ఆయన బడి వెనక నుంచి దిగాడు. చెయ్యి ఎత్తాను. అద్దం మీద ఎండ పడుతోంది, చూడలేదేమో. పిల్లలు జవాబు చెప్పి ఎదురుచూస్తున్నారు, మళ్ళీ బోర్డు వైపు తిరిగాను.

వాగు దగ్గర బట్టలుతుకుతున్న ఒనోరినా అక్క మాత్రం తలెత్తి పలకరించిందట. "సంతకేనా?"

"ఆఁ. సంతకే."

బస్సు వచ్చింది, ఎక్కాడు. సంత మంగళవారమని ఆవిడకు మధ్యాహ్నం పొయ్యి మీది శనగల కుండ దించుతుంటే గుర్తొచ్చింది.